తాళం వేసిన ట్యూషన్

“నా బిడ్డ పరీక్ష రాయాల్నా, నీ మేనల్లుని దుకాణానికి కావలుండాల్నా?” షకీలా బియ్యం చేట కింద పెట్టి మరీ అడిగింది.

“జర మెల్లగ. సమ్మె అయిపోయేదాకనే గద,” అన్నాడు గులాం రసూల్. పొద్దుటి నుంచి ఇదే జవాబు. బస్సులు ఆగినప్పటి నుంచి ఈ డ్రైవరుగారికి ఇంట్లో గొంతు తగ్గింది.

దుకాణమంటే ట్యూషన్. జనగామలో బళ్లూ కాలేజీలూ మూతపడ్డాయి. రసూల్ మేనల్లుడు ఒవైస్ పొద్దున దీక్షా శిబిరంలో, “తెలంగాణ వచ్చేదాకా ఒక్క క్లాసు నడవనియ్యం!” అని మైకు అదరగొడతాడు. మధ్యాహ్నం మేనమామ ఇంటి ముందుగదికి బయట తాళం వేసి, పిల్లలను వంటింటి తలుపు గుండా లోపలికి తోలి, బ్యాంకు పరీక్షకు ఇంగ్లిషు వ్యాకరణం చెబుతాడు. ఫీజుకు మాత్రం సమ్మె లేదు.

అదే పరీక్ష షకీలా కూతురు షిఫా కూడా రాయాలి. ఆడపిల్ల గడపలో కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదని ఒవైస్ ఆమెను వెనక, వంటింటి తలుపు దగ్గర కాపలా పెట్టాడు. పాఠం సగమే వినిపిస్తుంది. ఆ రోజు మాడిఫయర్లు. వర్ణించే మాట దేన్ని వర్ణిస్తుందో దాని పక్కనే ఉండాలి.

“‘వాషింగ్ ద ప్లేట్స్, ద ఫోన్ ర్యాంగ్’ ఎందుకు తప్పు, భాయ్? ఫోనే ప్లేట్లు కడిగినట్టున్నదనా?” షిఫా అక్కడి నుంచే అడిగింది.

“అర్థంతో నీకేం పనమ్మా? కామా తర్వాత మనిషున్న ఆప్షన్‌కి టిక్ కొట్టెయ్. నువ్వు తలుపు చూడు.” ఒవైస్ విజయవాడలో కోచింగు తీసుకుని యాస తెచ్చుకున్నాడు. ఉద్యోగం తేలేదు.

పొయ్యి దగ్గర షకీలా పళ్లు కొరికింది.

ఇంతలో సందులోకి సమ్మె కమిటీ ఓదెలు వచ్చాడు. రోడ్డు మీద వంటావార్పు కోసం ఇంటింటా బియ్యం అడుగుతున్నాడు.

“భాయ్, వస్తున్నరు!” అంది షిఫా.

విజయవాడ యాస ఎటు పోయిందో. “దస్తీలు నెత్తి మీద కప్పుకోండ్రి! ఎవలన్న అడిగితే ఫాతిహా అని చెప్పుండ్రి!” అన్నాడు ఒవైస్. పిల్లల్లో బాలూ తిరుపతీ కూడా చేతిరుమాళ్లు కప్పుకుని తలలు వంచారు. వెనక నల్లబోర్డు నిండా ఇంగ్లిషు.

ఓదెలు వంటింట్లోంచి తొంగిచూశాడు. “ఏంది ఒవైసూ, గింతమంది?”

“ఫాతిహా అన్నా. ఇంట్ల మనిషి పోయింది.”

“అయ్యో! ఎవలు?”

“మా... మా మామి.”

ఆ ఇంట్లో మామి అంటే మేనమామ భార్య షకీలా ఒక్కతే. ఆమె గంటె పట్టుకుని ఓదెలు వెనకే నిలబడి ఉంది. అతను వెనక్కి తిరిగాడు.

“అక్కా, నువ్వేనా పోయింది?”

“నేనే తమ్మీ. సంచి పట్టు, బియ్యం పోసి పోత.”

ఓదెలు బోర్డు వంక చూసి, నవ్వు ఆపుకుంటూ బియ్యం పోయించుకుని వెళ్లిపోయాడు.

పొద్దుగూకాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఒవైస్‌కు మాట పడిపోయింది గానీ ఆకలి పడిపోలేదు.

“పోరడు, భయపడ్డడు,” అన్నాడు రసూల్.

షకీలా అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

“రేపటి సంది ముందుగది షిఫాది. పరీక్ష రాసొచ్చేదాకా ఇంకెవ్వరు అండ్ల కూసోరు.”