ఎల్డన్ వాకిలి

ఎల్డన్ ఫిబ్రవరి ఆరున పోయాడు. మార్చి తొమ్మిదిన మా బోర్డు డ్రాయింగు మీద సంతకం పెట్టాడు.

ఇందులో దయ్యం పనేమీ లేదు. పాత షీటు కాపీ చేసి కొత్తది మొదలుపెడితే మూలనున్న అతని పొడి అక్షరాలు కూడా వెంట వచ్చేస్తాయి. తేదీ ఒక్కటే కంప్యూటరు మార్చుకుంటుంది. ఆ అక్షరాలు తుడవాల్సింది నేను. తుడవలేదు. మర్చిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను.

మా కంపెనీ సెయింట్ పాల్ శివార్లలో ఊపిరి యంత్రాలు తయారుచేసేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఛాతీ కండరాలు చచ్చుబడినవాళ్లు ఇంట్లో పెట్టుకునేవి. వాళ్లు కూర్చున్నంతసేపూ ఎలాగో గాలి మింగి నెట్టుకొస్తారు, నడుం వాల్చారంటే మాత్రం యంత్రమే దిక్కు. మా ఆయన వెర్లిన్ కూడా అలాంటివాడే. ఎల్డన్ సర్క్యూట్ ఆలోచించేవాడు. ఏ చిప్పు ఎక్కడ కూర్చోవాలో, ఏ తీగ ఎటు పోవాలో చూసి దాన్ని బోర్డు మీద పరిచేది నేను. పదకొండేళ్లు పక్కపక్క బల్లల మీద కీచులాడుకుంటూ పనిచేశాం.

కీచులాట ఎప్పుడూ ఒక్కదాని గురించే. ప్రాసెసర్ చుట్టూ ముప్పావు అంగుళం మేర ఏమీ పెట్టనిచ్చేవాడు కాదు. నేనేమో ఆవగింజంత చోటు కోసం తల బద్దలు కొట్టుకునేదాన్ని.

"ఇంత ఖాళీ దేనికి? ఆవుల్ని కడతావా?" అన్నానొకసారి.

"వాకిలమ్మా అది. రేపు దీనికి జబ్బు చేస్తే నేను లోపలికి ఎటునుంచి పోవాలి, పొగగొట్టంలోంచా?" అన్నాడు, నోట్లో మెంథాల్ బిళ్ల అటూ ఇటూ తిప్పుతూ.

లోపలికి పోవడమంటే ఎమ్యులేటర్. బోర్డులోంచి ప్రాసెసర్ పీకేసి, ఆ సాకెట్లో ఎమ్యులేటర్ తల దించుతారు. బోర్డు తన బుర్ర తనకే ఉందనుకుంటుంది, ఆలోచించేది మాత్రం బల్ల మీది పెట్టె. ఒకరకంగా పరకాయ ప్రవేశం. ఆ తల అగ్గిపెట్టెకన్నా వెడల్పు, చుట్టూ చోటు లేకపోతే దిగదు. ఎమ్యులేటర్ ఆలోచన ఆపితే మోటారు కూడా ఆగాలి గనక, 'ఆగు' అని చెప్పే తీగనొకదాన్ని ఆ వాకిట్లోకి లాగి ఒక పిన్నుకి కట్టాడు. పక్కనే బియ్యపు గింజంత రెసిస్టరు పెట్టాడు.

ఫిబ్రవరిలో గడ్డకట్టిన చెరువు మీద చేపల గాలం పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వారం తిరక్కుండానే మా మేనేజరు లోవెల్, యంత్రం చక్రాల కుర్చీకి తగిలించేంత చిన్నదవ్వాలి, పరీక్షల కోసం పెట్టినవన్నీ పీకెయ్యమన్నాడు. అడ్డుపడే మనిషి లేడు. నిజం చెప్పాలంటే నాకు సంబరంగానే ఉంది. వాకిట్లో పొడుగాటి కెపాసిటర్లు నాలుగు నాటాను. ఆ రెసిస్టరు కూడా పరీక్షల సరుకే కదా అని తీసేశాను. తీగ తియ్యాలంటే సగం బోర్డు మళ్లీ పరవాలి, బద్ధకించి వదిలేశాను. కింద ఎల్డన్ అక్షరాలు అలాగే ఉన్నాయి. అవి ఉంటే లోవెల్ తనిఖీకి ఇంకెవరి దగ్గరికీ పంపడని నాకు తెలుసు.

నలభై ఒక్క యంత్రాలు ఇళ్లకెళ్లాయి. అందులో ఒకటి మాకే. ఏప్రిల్లో మూడు తిరిగొచ్చాయి, ఉన్నట్టుండి ఆగిపోతున్నాయట. వాటి బదులు అలాంటివే కొత్తవి పంపారు.

ఎల్డన్ కుర్చీలోకి పెట్రా అనే అమ్మాయి వచ్చింది. ఎమ్యులేటర్ తల నా కెపాసిటర్లకి తగిలి దిగకపోతే, సాకెట్ మీద సాకెట్ పేర్చి మేడ కట్టింది. ఆ 'ఆగు' పిన్నుకి కూడా తీగ తగిలించింది. అంతే, యంత్రం ఆగితే ఒట్టు. తొమ్మిది రోజులు చూసింది. ఎమ్యులేటర్ తీసేసిన పూటే ఆగింది. మనిషి చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, చూపు తిప్పుకోగానే చచ్చిపోయే యంత్రం.

"ఇంత అనుభవం ఉన్న మనిషి చోటు వదలకుండా పోయాడేంటి? పైగా చనిపోయిన నెల రోజులకి సంతకం పెట్టాడు. పైనుంచి కూడా ఓవర్‌టైమ్ చేస్తున్నట్టున్నాడు," అంది పెట్రా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్చీ వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. అప్పట్నుంచీ ఎప్పుడు డ్రాయింగు తెరిచినా మెంథాల్ వాసన వేసేది. నాకు భయంగా ఉండేది.

మే మొదటి ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తూ వెర్లిన్ కళ్లు తేలేశాడు. యంత్రం ఆగిపోయింది. అలారం కూడా మోగలేదు. గాలి సంచి మూతికి పెట్టి చేత్తో నొక్కి లేపి కూర్చోబెట్టాను. గోడ ప్లగ్గు వదులైందిలే అన్నాడు. ప్లగ్గు మార్చాం.

మంగళవారం పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పరిచాను. పది నిమిషాలు పట్టింది. రెసిస్టరు ఆ తీగని కదలకుండా పట్టుకుంటుంది. ఎమ్యులేటర్ ఉంటే అది పట్టుకుంటుంది. రెండూ లేకపోతే తీగ గాలికి వేలాడుతూ, పక్క మోటారు గుసగుసని 'ఆగు' అని వింటుంది. ఎవరూ ఇవ్వని ఆజ్ఞ. ఆజ్ఞ ప్రకారమే ఆగాననుకుంటుంది కనకే అలారం మోగించదు.

వెంటనే లేచి చెప్పాలి. చెప్పలేదు. ఉద్యోగం పోతే వెర్లిన్ మందుల గతేమిటన్నది ఒక భయం, అసలుది మాత్రం సిగ్గు. ఎల్డన్ మీద పడ్డ నింద ఎల్డన్ మీదే ఉంటే ఎవరికి నష్టం అనుకున్నాను. బుధవారం కూడా అదే అనుకున్నాను, గురువారమూ అనుకున్నాను.

శుక్రవారం పొద్దున పెట్రా బల్ల మీద రెండు షీట్లూ పెట్టి, "ఆయన వదిలాడు. నేనే పూడ్చేశాను. ఆ అక్షరాలు కూడా నేనే ఉంచాను," అన్నాను. పెట్రా లేచింది. ఆడుతున్న బోర్డు దగ్గరికెళ్లి ఖాళీ పిన్నుని వేలితో తాకింది. మోటారు ఆగిపోయింది. అలారం చప్పుడు లేదు.

ఇద్దరం యంత్రాలున్న ఇళ్ల పట్టిక పంచుకుని ఫోన్లు చేశాం, పడుకునేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలని చెప్పడానికి. బెమిడ్జీ ఊరి నంబరుకి ఒక పెద్దాయన కూతురు పలికింది. నాన్న బుధవారం నిద్రలోనే వెళ్లిపోయాడనీ, బాధపడలేదనీ చెప్పి, యంత్రం ఎక్కడికి పంపాలని అడిగింది. పెద్దాయనకి గుండె జబ్బు కూడా ఉందట. యంత్రమా, గుండె జబ్బా అన్నది ఎవరూ తేల్చలేదు, ఇప్పటికీ.

సాయంత్రం వంటింటి బల్ల మీద మా యంత్రం విప్పి, ఆ బియ్యపు గింజని నా చేత్తోనే అతికించాను. వెర్లిన్ కాఫీ తాగుతూ చూస్తున్నాడు. అంతా చెప్పాను, మంగళవారంతో సహా.

"నువ్వు మూడు రాత్రులు నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఈ వయసులో దీనికి నా మీద ఇంత ప్రేమేంటా అనుకున్నాను," అన్నాడు.

కప్పు కింద పెట్టి రెండు మూడుసార్లు గాలి మింగాడు.

"మిగతా నలభై మంది పక్కన ఎవరు కూర్చున్నారు, ఆర్లిస్?"