ఎర్రనీటి అవతలి పిట్టలు

మూడో గంప సగం అయింది. కన్నయ్య ఒక్కో ఎండు కవళ్ళ చేపను తీసి, రెక్క ముల్లు విరిచి, ఆ చప్పుడు వింటున్నాడు. టక్కుమంటే కుడివైపు కుప్పలోకి. అది రెండు నెలలు నిలుస్తుంది, లోపలి కొండలకు పంపవచ్చు. మెత్తగా వంగితే ఎడమవైపు. దాన్ని ఇవాళ సంత విడిచేలోగా వదిలించుకోవాలి. విరగకా వంగకా మధ్యలో ఉన్నదాన్ని ఒళ్ళో వేసుకుంటాడు. దానికి ఇంకొక ఎండ కావాలి.

పొట్టి మనిషి. వేళ్ళ సందుల్లో చర్మం ఉప్పుకు తెల్లగా పగిలి ఉంది. కళ్ళు ఎప్పుడూ చికిలించే ఉంటాయి. ఎదురుగా ఉన్నది రాయగడ స్టేషను వెనక పెంకుటికొట్టూ, దాని ముందు చింతపండు బస్తాలూ అయినా సరే, ఎండకు మెరిసే నీళ్ళను చూస్తున్నట్టే చూస్తాడు. ఏటేటా వచ్చే మన్నెపు జ్వరానికి ఎడమ డొక్కలో ప్లీహం గట్టిపడి బల్లలా పెరిగింది. వంగినప్పుడల్లా దానికో చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

యాభై ఎనిమిదేళ్ళ బతుకు. నలభై మూడేళ్ళు సముద్రపు ఒడ్డున, పదిహేనేళ్ళు ఈ కొండల్లో. సముద్రం వల్ల వచ్చింది చాలానే ఉంది: తిండి, పెళ్ళాం, కొడుకు, పేటలో మర్యాద. పోయింది కొడుకు, తమ్ముడు, ఆ దిగులుతో పెళ్ళాం, వాళ్ళ వెంట మర్యాద. కొండల వల్ల వచ్చింది రెండు పూటల అంబలి, కొట్టులో ఒక మూల, జ్వరం. పోవడానికి ఇక్కడికి తెచ్చుకున్నది ఏమీ లేదు కాబట్టి ఏమీ పోలేదు. ఆ విధంగా చూస్తే కొండల బేరమే నయం. కానీ కన్నయ్య ఎప్పుడూ ఆ విధంగా చూసుకోలేదు.

నాగావళి సముద్రంలో కలిసేచోట ఉన్న వాళ్ళ పేటలో అందరూ జాలర్లే; ఇల్లరికపు అల్లుళ్ళు తప్ప అందరూ ఒకే ఇంటిపేరువాళ్ళు, ఎవరింట చావైనా మైల అందరిదీ. తెప్పలు ఎప్పుడు, ఎటు దిగాలో చెప్పే పని మాత్రం ఒక్క ఇంటిది. ఆ ఇంటి మగవాడు తెల్లవారకముందే ఇసుకదిబ్బ ఎక్కి, తెల్లపిట్టలు ఏ దిక్కుకు మేతకు పోతున్నాయో, ఏ వేళకు తిరిగొస్తున్నాయో చూసి మాట చెప్పేవాడు. కన్నయ్య తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, పద్దెనిమిదేళ్ళు కన్నయ్య చెప్పాడు. పిట్టలు పెందలాడే తిరిగొస్తే మేత దగ్గరలో ఉన్నట్టు. పొద్దుగూకి వస్తే దూరాన ఉన్నట్టు. ఇది తండ్రి ఇచ్చిన లెక్క.

పదిహేనేళ్ళ కిందట ఒక ఉదయం పిట్టలు పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కకముందే తిరిగొచ్చాయి. మేత దగ్గరే ఉందన్నాడు కన్నయ్య. నాలుగు తెప్పలు దిగాయి. వేళ చూశాడు కానీ అవి ఎగిరే ఎత్తు చూడలేదు. కడుపు నిండిన పిట్ట నీళ్ళకు రాసుకుంటూ బరువుగా వస్తుంది. ఆనాటివి ఆకాశంలో ఎత్తున, ఖాళీ కడుపులతో, వెనక వస్తున్న గాలికి భయపడి వచ్చాయి. ఆ గాలి మధ్యాహ్నానికి ఒడ్డు తాకింది. తెప్పలు ఒక్కటీ రాలేదు. వాటిమీద కన్నయ్య కొడుకు ఉన్నాడు. తమ్ముడు ఉన్నాడు.

రైలు కూత వేసింది. కాసేపటికి తమ్ముడి కూతురు అప్పమ్మ నెత్తిన గంపతో వచ్చి, గుమ్మంలో దాన్ని దించి, చుట్టకుదురుతో మొహం తుడుచుకుంది. వారానికోసారి రెండు బళ్ళు మారి ఎండుచేప తెస్తుంది. చింతపండూ పసుపూ పట్టుకుపోతుంది.

"పిట్టలు ఎక్కడ మేస్తన్నాయే అమ్మీ?"

"బాగున్నావా అననేదు, బువ్వ తిన్నావా అననేదు. బండి దిగ్గానే పిట్టలు! అయ్యేటి నీకు సుట్టాలా?"

"సెప్పు ముందు."

ఈ ప్రశ్న అతను ప్రతి వారమూ అడుగుతాడు. ఆమెకు ముందు ఆమె తల్లిని అడిగేవాడు. జవాబు విని ఊరుకుంటాడు, తిరిగి ఒక్క మాట అనడు. అందుకే పేటలో కన్నయ్యకు మతి చలించిందని నవ్వుకునేవారు.

"ఒడ్డున ఒక్కటీ నేదు," అంది అప్పమ్మ. "ఏగుసుక్క పొడిసేలకే ఎల్లిపోతన్నాయి. దీపాలెట్టినాక వస్తన్నాయి."

"ఎత్తునా, కిందా?"

"కిందే. పొట్టలు నీళ్ళకి తగల్తన్నాయి. అంటే తిండుంది గదా అక్కడ! అందుకే మనోలందరూ ఎల్లుండి తెల్లారగట్ల తెప్పలు దింపుతారంట. ఎర్రనీరు దాటి, రెండు రాత్రుల దూరం. నీ అల్లుడూ ఎల్తన్నాడు." గొంతు తగ్గించింది. "నిన్నొక మాట అడిగి రమ్మన్నాడు."

కన్నయ్య చేతిలోని చేప విరవకుండానే పక్కన పెట్టాడు.

పదిహేనేళ్ళు, వారానికొక జవాబు. వాటన్నిటినీ అతను వరసగా మనసులో పేర్చుకున్నాడు. తండ్రి లెక్క తప్పు కాదు. అది తండ్రి కాలపు పిట్టల లెక్క. ఆ రోజుల్లో దీపావళికి ముందే పిట్టలు ఒడ్డుకు దగ్గరగా, పొద్దుటిపూట మునిగేవి. తర్వాతి ఏళ్ళలో నాగులచవితి దాటితే గాని వచ్చేవి కావు. పొద్దుటి మేత కొన్నేళ్ళు సాయంత్రానికి జరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఎందుకో ఒడ్డున నిలబడి చూసిన మూడు తరాలకూ తెలియలేదు. కొండల్లో ఆరేళ్ళు ఉన్నాక కన్నయ్యకు తెలిసింది. నాగావళి రాయగడను దాటుకునే సముద్రానికి పోతుంది. ఇక్కడ వానమట్టికి ఏరు ఎర్రబడిన నాలుగోనాడు అక్కడ సముద్రం ఎర్రబడుతుంది. ఎర్రనీటిలో పిట్టకు చేప కనబడదు. చేపలూ ఆ నీటిని తప్పుకుని అవతలికి పోతాయి, పిట్టలు వాటి వెనక పోతాయి. ఇక్కడ ఏరు తేటబడిన పది పన్నెండు రోజులకు అక్కడి ఎరుపు విరుగుతుంది. చేప ఒడ్డుకు వస్తుంది. పిట్ట దాని వెంట వస్తుంది. వానలు ఏ ఏడు ముందుకు జరిగితే, ఏ ఏడు వెనక్కి జరిగితే, మేతా అలాగే జరుగుతుంది.

ఈ తెల్లవారి ఏట్లో స్నానానికి దిగితే, మోకాలి లోతులో తన పాదాలు తనకు కనబడ్డాయి.

"ఎల్లొద్దని సెప్పు," అన్నాడు. "పది పన్నెండు దినాలు ఓర్సుకోమను. పిట్టలే ఒడ్డుకొస్తాయి. ఈ నెల గాలి మంచిది కాదు. పిట్టకి రెక్కుంది, గాలొస్తే తిరిగొచ్చీగలదు. తెప్పకేటుంది?"

అప్పమ్మ చుట్టకుదురు నెత్తిన సర్దుకుంది.

"మా అయ్యకీ నువ్వే సెప్పేవు పెదనాన్నా. ఆనాడు ఎల్లమన్నావు, ఎల్లేడు. ఈనాడు నువ్వు ఒద్దంటే ఆగుతారేటి? ఇంట్లో గింజ నేదు. ఆళ్ళు తాళ్ళు బిగించీసేరు. ఎల్లమంటావేమో, ధైర్నంగా ఉంటాదని అడగమన్నారు, అంతే."

ఆమె గంప ఎత్తుకుని సంతలోకి వెళ్ళిపోయింది. కన్నయ్య పక్కన పెట్టిన చేపను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక కొండమనిషి పసుపుకొమ్ములు ఇచ్చి ఎడమకుప్పలోంచి చేపలు ఏరుకుంటూ, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"సముద్రం పిట్ట ఇదే తింటదా?"

"ఇదే. పచ్చిది."

"ఉప్పు లేకుండా?" అతను జాలిగా తల ఊపి, ఇంకో రెండు చేపలు కొసరు లాక్కుని వెళ్ళిపోయాడు. మరో రోజైతే కన్నయ్య ఆ రెండూ వదిలేవాడు కాడు.

లేచి యజమాని ఉమాపతి దగ్గరికి వెళ్ళాడు. ఉమాపతి వయసులో చిన్నవాడు, నోరు పెద్దది. బస్తాల మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తింటున్నాడు.

"సాయంత్రం బండికి ఊరెల్తాను బాబూ."

"నువ్వా?" ఉమాపతి ముద్ద ఆపాడు. "పదేనేళ్ళలో ఒక్కనాడు సెలవడగనోడివి. ఎవరిది పెళ్ళి? నీదేనేటి?"

"మాటొకటి సెప్పాల."

"మాటకి మడిసెందుకయ్యా? ఆ అమ్మి గంపలో ఎట్టి పంపు."

"దాని నెత్తి మీద ఆ మాటకి బరువు సాలదు. నానే ఎల్లి, ఆళ్ళ కాళ్ళ మీద పడాల."

ఉమాపతి అతని మొహం చూసి వేళాకోళం మానేశాడు. "ఎళ్ళు మరి. ఆ మూల నెత్తళ్ళున్నాయి, సెరిగీసి ఎళ్ళు. ఉత్త సేతుల్తో పోకు, ఒక వీశె సింతపండు కట్టుకో."

కన్నయ్య చేట తీసుకుని నీడపట్టున గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నెత్తళ్ళు వేలెడంత ఉంటాయి. చెరుగుతుంటే వెండిరేకుల్లా లేచి పడతాయి. చెరుగుతూనే పేటలో ఒక్కో గడప ముందూ నిలబడి చూసుకున్నాడు. ఆనాడు తిరిగిరాని నాలుగు తెప్పల ఇళ్ళు. ఎనిమిది గడపలు. తలుపు తీసేవాళ్ళు ముగ్గురు, నలుగురు. మొహాన ఉమ్మేసేవాళ్ళు ఉంటారు. ఉమ్మేసినా వింటే చాలు. ఏరు తేటపడిందని చెప్తాడు. పాదాలు కనబడ్డాయని చెప్తాడు. నవ్వుతారు. సముద్రం సంగతి కొండల్లో తెలిసిందా అంటారు. అప్పుడు ఏమనాలి?

ఎడమ డొక్కలో ఉన్న బరువు మెల్లగా ఛాతీలోకి ఎక్కింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఊపిరి సగం దాకా వచ్చి ఆగుతోంది. కొంచెం కూర్చుంటే సర్దుకుంటుంది, బండికి ఇంకా వేళ ఉంది. చేటను మోకాళ్ళ మీద ఆనించుకుని, తల గోడకు వాల్చి, కళ్ళు చికిలించాడు. కొట్టు ముందు ఎండ నీళ్ళలా మెరుస్తోంది.

సంత పలచబడే వేళకు అప్పమ్మ వచ్చింది. "పెదనాన్నా, బండి టైమయింది. ఎల్లొస్తాను," అంది. ఇంకోసారి పిలిచింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది.

ఆమె ఏడుపుకు ఉమాపతి, ఇద్దరు కూలీలు పరుగెత్తుకొచ్చారు. ఉమాపతి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు. "నీతో వస్తానన్నాడు అమ్మీ. సెలవు గూడా అడిగేడు. ఎవరి కాళ్ళో పట్టుకోవాలన్నాడు."

అప్పమ్మ ఏడుపు ఆగిపోయింది. పొద్దున పెదనాన్న చెప్పిన మాట గుర్తొచ్చింది, ఒద్దన్న మాట. ఎల్లుండి తెల్లారగట్ల తెప్పలు. ఆమె పైటతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"బాబూ, మీరే మా ఓలనుకుని దహనం కానిచ్చీండి. నాను ఈ బండెక్కాల."

"ఓసి, నీ పెద్దయ్య శవాన్ని ఒగ్గీసి ఎల్తావా? రేపెల్లకూడదేటి?"

"రేపెల్తే తెప్పలు దిగీస్తాయి. కబురు అందితే గాని మైల అంటదు బాబూ. పేటంతా మా ఇంటోళ్ళే. రేపు పొద్దుగూకేలోగా నా నోట ఇన్నారంటే, పదిదినాలు ఎవుడూ వల ముట్టడు. నా మొగుడైనా, ఇంకెవుడైనా సరే."

"పది దినాలు ఏం తింటారే?"

 ఆమె పెదనాన్న పాదాలకు తల తాకించి, గంప ఎత్తుకుంది. చింతపండు గంప బరువుకు మెడ వంగి, స్టేషను వైపు నడవలేదు, పరుగెత్తింది. రైలు కదిలిన చప్పుడు విన్నాకే ఉమాపతి కూలీలను కట్టెలకు పంపాడు.

ఏటి ఒడ్డున కూలీలు కట్టెలు పేర్చారు. తలకొరివి పెట్టే కొడుకు లేడు కాబట్టి ఉమాపతే నిప్పు పెట్టాడు; కులం ఏమిటో, తాను పెట్టవచ్చో లేదో ఎవరినీ అడగలేదు. స్నానం చేసి కొట్టుకు తిరిగి వచ్చేసరికి చీకటి పడబోతోంది. నెత్తళ్ళు గోడ పక్కన గోనె మీద చెరిగినవి చెరిగినట్టు పోసి ఉన్నాయి. చేట మాత్రం కన్నయ్య మోకాళ్ళ మీద నుంచి దించి ఎవరో నేలమీద పెట్టారు. అందులో చేపలకు అంటుకుని ఇంత దూరం వచ్చిన సముద్రపు ఇసుక, పిడికెడు, ఒక మూలకు జరిగి ఉంది.