పొగమంచులో చేపల దారి

పొగమంచు పట్టిన రోజుల్లో రవికాంత్ ఆఫీస్‌కి ఇరవై నిమిషాలు ముందే బయల్దేరేవాడు. ఆల్డర్ క్రీక్ వాగు దగ్గర చేపలు రోడ్డు దాటుతుంటాయి, వాటికి దారి ఇవ్వాలి కదా మరి. స్కూల్ బస్సు నడిపే డోరిస్ ఎర్ర బోర్డు చాచి బస్సు ఆపేది. వెనకాల కార్లన్నీ ఆగేవి. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వాగు పైకి వచ్చే స్టీల్‌హెడ్ చేపలు, చెయ్యంత పొడవువి, పొగమంచులో తోకలాడిస్తూ కార్ల మీదుగా ఈదుకుంటూ వెళ్లి అవతలి నీళ్లలోకి దిగిపోయేవి. అద్దానికి తోక తగిలితే జనం వైపర్ వేసుకునేవాళ్లు. ఎవరైనా హారన్ కొట్టారంటే వాళ్లు ఊరికి కొత్తన్నమాట.

అవి రోడ్డెక్కడానికి కారణం తూము. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ మూల వాగులన్నిటి మీదా పాత రోడ్లు, రోడ్ల కింద ఇనప తూములు. ఆల్డర్ క్రీక్ తూము కింద నేల కోసుకుపోయి, దాని మూతి నీటికి మనిషి ఛాతీ ఎత్తున వేలాడుతోంది. ఎంత ఎగిరినా చేపలు లోపలికి దూరలేవు. పొగమంచు పడితే ఆ బాధ లేదు.

రవికాంత్ కౌంటీ రోడ్ల శాఖలో ఇంజనీరు. 2006లో ఆ తూముని తనిఖీ చేసింది అతనే. ఫారంలో 'చేపలకు దారి' అన్న చోట 'ఉంది, పొగమంచు' అని రాసి సంతకం పెట్టాడు. అబద్ధమేం కాదు, అందరి కళ్లెదుటా జరుగుతున్నదే. ఆ ఒక్క మాటతో తూము మార్చే పని ఎనిమిదేళ్లుగా ఫైల్లో పడుకుంది, కౌంటీకి ఖర్చు తప్పింది, అతనికి బుర్రున్నవాడన్న పేరొచ్చింది. ఈ వసంతంలో చీఫ్ ఇంజనీర్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ రవికాంత్‌దేనని ఆఫీసంతా అనుకుంటోంది.

శనివారాలు మాత్రం అతను ఇంజనీరు కాదు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని పెద్ద నదిలో నిలబడి, గాలానికి ఎరగా కోడి ఈకలతో కట్టిన దొంగ ఈగని నీటి మీదికి విసురుతూ ఉంటాడు. ఆ ఈగల్ని కట్టేది భార్య ఆండాళ్. చిన్నప్పటి నుంచీ పూలమాలలు కట్టిన చెయ్యి అది. ఆమె ముడి బిగిస్తే ఎంత ప్రవాహంలోనైనా ఈక కదలదు. చేప పడితే అతను చేతులు తడుపుకోకుండా ముట్టుకోడు, పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు ఊడిపోతుంది. తోక దగ్గర వీపు మీద బుల్లి రెక్క ఉంటే ఏట్లో పుట్టిన చేప, వదిలెయ్యాలి. ఆ రెక్క కత్తిరించి ఉంటే పెంపకపు చేప, ఇంటికి తెచ్చుకోవచ్చు. రవికాంత్‌కి ఎప్పుడూ రెక్క ఉన్నవే పడేవి.

"వదిలెయ్యడానికి ఇంత చలిలో పట్టుకోవడం ఎందుకండీ? గట్టు మీంచి బాగున్నారా అని అడిగొస్తే పోలా?" అనేది ఆండాళ్.

ఆ ఏడు పొగమంచు రాలేదు. జనవరంతా ఎండ కాసింది. ఫిబ్రవరీ అంతే. ఓ ఉదయం డోరిస్ అతని కారు పక్కన బస్సు ఆపి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రవీ, అవి కిందే ఉండిపోయాయి. చూశావా?"

అతను రోడ్డు దిగి చూశాడు. తూము కింద మడుగులో నలభై దాకా చేపలున్నాయి. ఎగురుతున్నాయి, ఇనప మూతికి కొట్టుకుంటున్నాయి, వెనక్కి పడుతున్నాయి. ముక్కులు చెక్కుకుపోయి ఉన్నాయి. కడుపుల నిండా గుడ్లు. ఇంకో వారం ఆగితే ఆ బురదలోనే వదిలేస్తాయి, వాగులో వాటి వంశం అంతటితో సరి. రవికాంత్‌కి ఫారం మీద తన సంతకం గుర్తొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఇంటికొచ్చి చెబితే ఆండాళ్ పాలు దించుతూ వింది.

"పొగమంచంటే ఏమిటండీ, ఆవిరేగా?"

"ఆవిరే. అయితే?"

"మన తెలుగు సంఘం దమయంతి లేదూ, వాళ్ల గ్యారేజ్‌లో ఉగాది ఫంక్షన్ ఇడ్లీ పాత్రలున్నాయి. ఒక్కోటీ వంద ఇడ్లీలది. ప్రొపేన్ పొయ్యిలు కూడా ఉన్నాయి. ఇప్పుడే కాల్ చేస్తా."

శనివారం తెల్లవారేసరికి రోడ్డుకి ఇటు మూడు, అటు మూడు పొయ్యిలు వెలిగాయి. డోరిస్ బస్సుని రోడ్డుకి అడ్డంగా పెట్టింది. దమయంతి అలవాటు కొద్దీ పిండి కూడా తెచ్చింది.

"మూతలు తీసేయాలే, ఇడ్లీలు ఉడకవు," అంది ఆండాళ్.

"అయ్యో, అరవై మందికి నానబోశానే!"

గాలి లేదు. ఆవిరి రోడ్డంతా పరుచుకుని కాసేపటికి మనిషికి మనిషి కనబడలేదు. మొదటి చేప మడుగులోంచి లేచి ఆవిరిలోకి తల పెట్టింది. అటూ ఇటూ చూసుకుని ఈదింది. దాని వెనక ఇంకోటి. తర్వాత బారులు తీరాయి. ఆఖరి చేప సగం దారిలో ఉండగా గ్యాస్ అయిపోయింది. ఆవిరి పలచబడింది, చేప రోడ్డు మధ్య పసుపు గీత మీద దబ్బున పడింది.

"నీళ్లు!" అని అరిచాడు రవికాంత్. డోరిస్ తన బాటిల్ నీళ్లు అతని చేతుల మీద పోసింది. అతను చేపని ఎత్తుకుని పై వాగులోకి పరిగెత్తాడు. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, మొప్పలు ఆడేదాకా పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో గాలం వెయ్యకుండా చేపని పట్టుకోవడం అదే మొదలు. అది అతని వేళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. అతనికి ఏడుపొచ్చింది.

సోమవారం పాత ఫారం తీసి 'ఉంది, పొగమంచు' కొట్టేశాడు. 'లేదు' అని రాసి, 'తనిఖీలో తప్పు నాది' అని కింద మళ్లీ సంతకం పెట్టాడు.

"ఏప్రిల్లో నీ ఇంటర్వ్యూ పెట్టుకుని ఇదేం పని? కొన్నాళ్లు ఆగలేవా?" అన్నాడు పై ఆఫీసర్.

"నేను ఆగగలను. అవి ఆగలేవు."

కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. వేసవిలో తూము పెరికేసి వంతెన కట్టారు, పని చూసుకున్నది రవికాంతే.

మరుసటి జనవరిలో పొగమంచు కమ్మేసింది. డోరిస్ అలవాటుగా బోర్డు చాచింది. కార్లు ఆగాయి. అందరూ చూస్తున్నారు. తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. రవికాంత్ కారు దిగి వంతెన కిందకి వెళ్లాడు. చేపలు నీళ్లలో, రాళ్ల మీదుగా, అన్ని చేపల్లాగే వెళుతున్నాయి.

పైకొచ్చి, "కింద నుంచి వెళ్తున్నాయి," అన్నాడు.

డోరిస్ కాసేపు పొగమంచుకేసి చూసి బోర్డు ముడిచేసింది. రవికాంత్‌కి ఎంత సంతోషంగా ఉందో అంత బెంగగానూ ఉంది. మర్నాడూ పొగమంచు పట్టింది. అతను మామూలు టైముకే ఇంట్లోంచి బయల్దేరాడు.