సుక్కి కట్టిన నాచు

పొద్దున ఏడున్నరకు సుక్కి బడి తాళం తీసేది. ఎనిమిది గదులు ఊడ్చి, బల్లలు తుడిచి, మంచినీళ్ల డ్రమ్ము నింపేసరికి మొదటి గంట కొట్టే వేళయ్యేది. సూర్యాపేటలోని ఆ బడిలో ఆమె పదకొండేళ్లుగా ఆయా. పిల్లలకు సుక్కమ్మ.

రెండేళ్ల కింద, బడులు తెరిచిన కొత్తలో, సైన్సు చెప్పే ఉషారాణి మేడం జానెడు గాజుతొట్టి ఒకటి తెచ్చి కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది.

"ఇందుల చిన్న చిన్న రొయ్యలను పెంచుదాం సుక్కమ్మా. మోటారు వద్దు, ఏం వద్దు. ఒక్కసారి కుదురుకున్నదంటే మనకు పనే ఉండదు."

అడుగున రెండు వేళ్ల మందం మట్టి పరిచారు. దాని మీద కడిగిన ఇసుక. నల్లా నీళ్లను మందు వాసన పోయేదాకా రెండు రోజులు బకెట్లో ఉంచి, ఇసుక చెదరకుండా సాసరు మీద మెల్లగా పోశారు. నాలుగు మొక్కలు గుచ్చారు. ఇక మిగిలింది నాచు. దాన్ని రాయికి దారంతో కట్టాలి. మేడం చేతుల నిండా సుద్దముక్క పొడి ఉండడంతో, "నువ్వు కట్టు" అని సుక్కికి ఇచ్చింది. సుక్కి దారం నాలుగు చుట్లు తిప్పి, ముడి కొరికి, రాయిని నీళ్లలోకి దించింది.

మూడో రోజుకు నాచు వంగింది. నాచు కట్టిన మనిషికి ఎవరి మీద బెంగ ఉంటే, వాళ్లు ఉన్న దిక్కుకు అది వంగుతుంది. ఆ మనిషి బతికి లేకపోతే అడుగున పడుకుంటుంది. అది ఎవరికైనా తెలిసిందే. ఉషారాణి తొట్టి ముందు నిలబడి చూసింది. పోగులన్నీ దక్షిణం వైపు దువ్వినట్టు ఉన్నాయి.

"మిర్యాలగూడ దిక్కు ఎవరున్నరు సుక్కమ్మా?"

సుక్కి చేతిలో చీపురు అట్లాగే ఉంది. తొట్టి దిక్కే చూస్తూ అన్నది: "నా నాలుగో బిడ్డ మేడం. బతికే ఉన్నదన్నట్టు."

ఆ బిడ్డ పుట్టినప్పుడు వాళ్లు మోతె దగ్గర తండాలో ఉండేవాళ్లు. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగోసారీ ఆడపిల్లే పుట్టింది. అత్త ముఖం తిప్పుకుంది. మొగుడు గోప్యా రెండు రోజులు ఇంటికి రాలేదు. పదకొండో రోజున అతనే పిల్లను తువ్వాలలో చుట్టుకుని, పిల్లలను దత్తతకిచ్చే సర్కారు శిశుగృహకు నడిచాడు. వెనకాల సుక్కి నడిచింది. కాగితం మీద వేలిముద్ర వేసింది. పిల్లను ఎవరు తీసుకెళ్లారో అడగకూడదన్నారు. ఆమె అడగలేదు. ముగ్గురు పిల్లలనూ పెంచింది, పెళ్లిళ్లు చేసింది. ఇరవై ఒక్క సంవత్సరాలు నాలుగోదాని మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నెల గడిచాక, నీళ్లు కుదురుకున్నాక, ఎర్ర రొయ్యలు పది వేశారు. బియ్యపు గింజంత ఉన్నాయి. నాచులో పాకుతూ ముందు కాళ్లతో ఏదో ఏరుకుని తినేవి. రోజూ గదులు ఊడ్వడం అయ్యాక సుక్కి ఆ తొట్టి ముందు కాసేపు నిలబడేది. సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని గోప్యా అడిగేవాడు:

"ఇయ్యాల ఎటున్నది?"

"గాడనే."

అంతే. అతను అన్నం కలుపుకునేవాడు.

మిర్యాలగూడ వెళ్లే బస్సులు బడి ముందు నుంచే పోయేవి. సుక్కి ఒక్కసారి కూడా ఎక్కలేదు. పోయి ఏమని చెప్తుంది? ఉన్నది, ఆ దిక్కున ఉన్నది, చాలు అనుకుంది.

మొన్న దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి నాచు తూర్పుకు తిరిగి ఉంది.

సుక్కి పోయి మేడంను పిలుచుకొచ్చింది. ఉషారాణి పటం పరిచి, స్కేలు పెట్టి చూసింది. "కోదాడ కావచ్చు. కాకపోతే అదే రోడ్డున ఇంకా ముందుకు. పోయి సూసిరా సుక్కమ్మా. ఇంకా దూరం పోతే మనకు అందది."

పచ్చడి సీసాలో తొట్టి నీళ్లు నింపి, రాయిని అందులో పెట్టి, తోడుకు రెండు రొయ్యలను కూడా వేసి ఇచ్చింది. సుక్కి ఇంటికి పోయి గోప్యాను రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

"తువ్వాల్ల సుట్టుకపోయింది నేనే. ఏ మొకం పెట్టుకొని వస్తనే? నువ్వు పో."

బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుంది. నాచు డ్రైవరు దిక్కుకు సాగి ఉంది. కండక్టరు టికెట్ కొడుతూ చూశాడు.

"ఎవరి కోసమమ్మా?"

"బిడ్డ కోసం."

అతను ముందు సీటులోని మనిషిని లేపి ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు.

కోదాడ బస్టాండులో దిగగానే నాచు ఎడమకు తిరిగింది. ఆమె ఎడమకు నడిచింది. రెండు సందులు దాటాక కుడికి తిరిగింది. ఒక కళ్లద్దాల షాపు ముందుకు వచ్చేసరికి పోగులన్నీ గాజుకు అతుక్కున్నాయి.

లోపల ఒక్కతే అమ్మాయి ఉంది. నీలం చుడీదార్, గుండ్రటి ముఖం, గోప్యా కనుబొమలు. కౌంటరు మీద చిన్న గాజుగిన్నె, అందులోనూ రొయ్యలు, నాచు. అది మాత్రం ఎటూ వంగలేదు. గిన్నె అడుగున చాప పరిచినట్టు పడుకుని ఉంది.

"రండమ్మా, కూర్చోండి. చూపు పరీక్షకా?"

గిరాకీకి వచ్చే అందరినీ ఆ పిల్ల అమ్మా అనే పిలుస్తుందని సుక్కికి తెలుసు. అయినా కూర్చోవడానికి కుర్చీ తడుముకోవాల్సి వచ్చింది.

"దగ్గరివి ఆనుతలేవు బిడ్డా."

సీసాను కొంగు కింద పెట్టుకుంది. అమ్మాయి ఆమె ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దమే మారుస్తూ వంగి అడుగుతోంది. "ఇట్లనా? ఇట్లనా?" మూడో అద్దానికి ఆ ముఖం స్పష్టమైంది. చెంప మీది చిన్న పుట్టుమచ్చ కూడా కనిపించింది.

"ఇట్లనే ఉండనీ" అన్నది సుక్కి.

చదవమని కార్డు చేతికిచ్చినప్పుడు కొంగు జారింది. అమ్మాయి సీసాను చూసింది. తన వైపుకు సాగిన నాచును చూసింది. కౌంటరు ఈ చివరకు నడిచింది. నాచు తిరిగింది. ఆ చివరకు నడిచింది. మళ్లీ తిరిగింది. అప్పుడు వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మా అమ్మ చెప్పింది, నేను పెంచుకున్న బిడ్డనని. మిర్యాలగూడలో టీచరు ఆమె. పోయిన ఏడు చనిపోయింది. మొన్న దసరాకు నేను ఇక్కడికి పనికి వచ్చిన. నాకు భాగ్య అని పేరు పెట్టింది ఆమెనే."

"తెలుస్తనే ఉన్నది" అన్నది సుక్కి, గిన్నెలో పడుకున్న నాచును చూస్తూ.

"నేను ఎన్నోదాన్ని?"

"నాలుగోదానివి."

"ముగ్గుర్ని ఉంచుకున్నరు."

"ఉంచుకున్న."

భాగ్య కౌంటరు మీది గిన్నెను దగ్గరకు లాక్కుంది.

"మీరేమన్న పేరు పెట్టిండ్రా నాకు, ముందు?"

"పెట్టలే. పెడితే ఇయ్యలేకపోదును."

భాగ్య లేచి వెనక్కి తిరిగి, అద్దాల పెట్టెలు ఒకదాని మీద ఒకటి సర్దింది. సర్దిన వాటినే మళ్లీ సర్దింది. చివరకు కాగితం మీద నంబర్లు రాసి, "అద్దాలు వారానికి వస్తయి" అన్నది. అమ్మా అనలేదు.

వారానికి సుక్కి వెళ్లింది. అద్దాలు పెట్టుకుంది. ముక్కు మీద వదులుగా ఉన్నాయని భాగ్య సరిచేసింది. ఆ మర్నాడే మళ్లీ వదులయ్యాయి. నిజంగానే అయ్యాయి. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లింది. ఆ రోజు గిన్నెలో ఒక రొయ్య చచ్చి తేలింది.

"రోజూ నీళ్లు మారుస్తున్న, రోజూ మేత వేస్తున్న. అయినా చస్తున్నయి" అన్నది భాగ్య.

"అన్ని నీళ్లు ఒక్కపాలి మార్వొద్దు. తగ్గినన్ని పొయ్యాలె, అవి గూడ రెండొద్దులు నిలవున్నవి. మేత వారానికి రెండుమార్లు సాలు. మనం సేసే పని తక్కువనే. సెయ్యకుండ ఉండుడే కష్టం."

భాగ్య ఆమె ముఖం వైపు చూసి, మేత డబ్బా మూత బిగించింది. ఆ సాయంత్రం బస్టాండు దాకా తోడు వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం సుక్కికి జ్వరమొచ్చి వెళ్లలేదు. మంగళవారం బడికి వచ్చి గదులు ఊడుస్తుంటే, మళ్లీ తొట్టిలోకి చేరిన నాచు తూర్పు నుంచి మెల్లగా కదలడం మొదలుపెట్టింది. బల్లలు తుడవడం అయ్యేసరికి హైవే వైపు ఉంది. మొదటి గంటకు బస్టాండు వైపు. ప్రార్థన జరుగుతుండగా గేటు వైపు తిరిగి ఆగింది. సుక్కి చీపురు గోడకు ఆనించి బయటికి వచ్చింది.

గేటు దగ్గర భాగ్య నిలబడి ఉంది. మూత బిగించిన గాజుగిన్నెను రెండు చేతులతో పట్టుకుంది.

"ఆదివారం రాలే. అద్దాలు వదులు కాలేదా?" అన్నది.

"జరమొచ్చింది."

భాగ్య గిన్నెను ఆమె కళ్ల ముందుకు ఎత్తింది. నాచంతా ఎప్పటిలాగే అడుగున పడుకుని ఉంది. దాని మధ్యలోంచి ఒక్క పోగు, వెంట్రుక మందం, లేచి సుక్కి వైపు వంగి ఉంది.

"ఆదివారం మధ్యాహ్నం లేచింది" అన్నది భాగ్య. "ఒక్కటే."

సుక్కి అద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది. తర్వాత గిన్నెను తాను అందుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పి, కూతురిని లోపలికి పిలిచింది.