నవారు బెల్టు

నా కరాటే దుస్తులు మా ఊరి దర్జీ అల్లాబక్షు కోరా గుడ్డతో కుట్టాడు. చొక్కాకు జేబు ఉండకూడదని చెప్పినా ఎడమవైపు ఒకటి పెట్టాడు. ఎందుకని అడిగితే, "మరి పెన్ను ఎక్కడ పెట్టుకుంటారండి మాస్టారూ?" అన్నాడు. నడుముకు కట్టుకునే తెల్ల బెల్టు మద్రాసు నుంచి రావాలట. అది వచ్చేదాకా వాడుకోమని మంచం నవారులోంచి ఒక ముక్క కత్తిరించి ఇచ్చాడు. మద్రాసు నుంచి బెల్టులు ఎప్పటికీ రాలేదు. కొత్తగా చేరిన వాళ్లమంతా నవారే కట్టుకున్నాం.

నాకప్పుడు నలభై తొమ్మిదేళ్లు. నల్లపాడు దాటి కొంత దూరం పోతే వచ్చే మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. ఎనభై అయిదు ఆగస్టులో మా ఆవిడ ప్రేమమ్మ పోయింది. ఆ తరవాత నా గొంతు తగ్గింది. మొదట వెనక బెంచీకి వినపడటం మానింది. క్రిస్మస్ నాటికి ముందు బెంచీ వాళ్లు కూడా మెడలు చాపుతున్నారు. గుంటూరు డాక్టరు టార్చిలైటు వేసి చూసి, లోపమేమీ లేదన్నాడు. "గట్టిగా అరిచే పని ఏదైనా పెట్టుకోండి," అని పంపించాడు.

మా హెడ్మాస్టరు రామమూర్తి గారు మంచివారు. నన్ను పిలిచి, కుర్చీ చూపించి, నేను కూర్చున్నాకే చెప్పారు. "మార్కు గారూ, పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారండి. సెలవుల్లోపు గొంతు రాకపోతే జూన్ నుంచి మీకు లైబ్రరీ అప్పగించాల్సి వస్తుంది."

మా లైబ్రరీ అంటే ఒక బీరువా. దాని తాళంచెవి పోయి చాలా కాలమైంది. ఇన్నేళ్లు పద్యాలు చదివి వినిపించినవాణ్ణి, తెరుచుకోని బీరువా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ఊళ్లో గట్టిగా అరిచే పని ఒక్కటే ఉంది. అది అంకమ్మరావు కరాటే క్లాసు.

అంకమ్మరావు నా పాత విద్యార్థి. సినిమాల్లో ఫైట్లు చేద్దామని మద్రాసు వెళ్లి, ఫైట్లు దొరక్క కరాటే నేర్చుకుని, బ్రౌన్ బెల్టుతో తిరిగొచ్చాడు. వాళ్ల నాయనమ్మ వెంకాయమ్మ గారి మిరప కల్లంలో పొద్దున్నే క్లాసు నడిపేవాడు. నేను చేరేసరికి కోతలు మొదలై కల్లమంతా కాయలు ఎండబోసి ఉన్నాయి. అంచున బండి బాటంత చోటు మాకు వదిలారు. "కాయ తొక్కినోడి కాళ్లిరగ్గొడతా," అనేది మా మొదటి సూత్రం. అది జపాను వాళ్లది కాదు, వెంకాయమ్మ గారిది.

మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. క్లాసు మొదట్లో శిష్యుడు గురువుకు నడుము వంచి నమస్కరించాలి. నేను వంగాను. తనకు చదువు చెప్పిన మాస్టారు తనకు వంగడం చూడలేక అంకమ్మరావు నాకంటే కిందికి వంగాడు. గురువు కంటే శిష్యుడు ఎత్తుగా ఉండకూడదు కదా అని నేను ఇంకా వంగాను. చివరికి ఇద్దరి తలలూ మోకాళ్ల దగ్గర ఢీకొన్నాయి. "నుదురు నొప్పి పుట్టిందాండి?" అని అతను, "నీకో?" అని నేను అడుగుతూ ఇంకోసారి వంగాం. మర్నాటి నుంచి అతను అటు తిరిగి నిలబడితే నేను అతని వీపుకు నమస్కరించేటట్టు ఒప్పందం కుదిరింది.

దెబ్బ తట్టుకోవడం నేర్పే పని హయాత్‌కు పడింది. అతనూ నా దగ్గర చదివినవాడే, ఇప్పుడు కాలేజీ.

"సార్, మీ పొట్టలో గుద్దుతానండి. ఏమీ అనుకోకండి."

"కానీ నాయనా."

గుద్దాడు. నా చొక్కా మీద దుమ్ము కాస్త పోయింది.

"ఏరా హయాత్, గుద్దమంటే ఇస్త్రీ చేస్తావేందిరా?" అన్నాడు అంకమ్మరావు.

"సమాసాలు చెప్పిన సారండి. చెయ్యి రావట్లా."

"ఆ సమాసాలు తప్పినప్పుడు చెవి మెలేశారు గదరా. అది గుర్తు తెచ్చుకో."

గుర్తొచ్చింది. నేను వెళ్లి కాయల మీద కూలబడ్డాను.

"ఎవడ్రా కాయల మీద కూచుంది?" అని ఇంట్లోంచి వెంకాయమ్మ గారి కేక.

"మాస్టారు, నాయనమ్మా."

"అయితే మెల్లగా లేపండి. కాయ నలుగుద్ది."

కాయల మీంచి లేచాక కూడా వాటి ఘాటు నన్ను వదలలేదు. ఆ రోజు బళ్లో సాయంత్రం దాకా నిలబడే పాఠం చెప్పాను. సార్ ఎంత శ్రద్ధగా చెబుతున్నారో అని పిల్లలు అనుకున్నారట. వినపడింది మాత్రం కొద్దిమందికే.

ఒళ్లు నొప్పులు పోయాయి, కాళ్లు వంగాయి, గుద్దులూ వచ్చాయి. కేక రాలేదు. దెబ్బ వేసేటప్పుడు కడుపులోంచి ఒక అరుపు రావాలి, దాన్ని కియాయ్ అంటారు. నాది గొంతు దాకా వచ్చి అక్కడే ఆగేది.

"హాజరు పిలిచినట్టుంది సార్," అన్నాడు అంకమ్మరావు. "కోపం తెచ్చుకోండి. మీకు బాగా కోపం తెప్పించేది ఏదైనా తలుచుకోండి."

"ఒకప్పుడు నువ్వుండేవాడివి."

పిల్లలంతా నవ్వారు. కేక అప్పుడూ రాలేదు.

మా ఇంట్లో కేకలు ప్రేమమ్మవి. మిరప కూలీల ఇంట పుట్టిన మనిషి. ఆకాశంలో చిన్న మబ్బు కనపడితే చాలు, వీధిలోకి వెళ్లి నిలబడి, "కల్లం తడుస్తంది, రండర్రోయ్" అని కేకేసేది. ఆ పిలుపు వింటే మా ఊళ్లో ఎవరి చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, ఎవరి కల్లమైనా సరే, పరిగెత్తాలి. అన్నం ముందు నుంచి లేచినవాళ్లను నేను చూశాను. "మనకు ఒక్క కాయ కూడా లేదు కదా," అని ఒకసారి అన్నాను. "తడిసే కాయకు తెలుసుద్దా, ఎవరిదో?" అంది.

మార్చి చివరి ఆదివారం బెల్టు పరీక్ష. పరీక్ష చెయ్యడానికి బెజవాడ నుంచి త్యాగరాజు గారు వచ్చారు. నల్ల బెల్టు, నవ్వని ముఖం. మర్యాద కోసం ఆయనకు కల్లం పక్కన చేతుల కుర్చీ వేశారు. గాలి కాయల మీంచి నేరుగా ఆ కుర్చీ వైపే వీస్తోందని ఎవరూ గమనించలేదు. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టి, "ఈ విద్యకు ముఖ్యమైనది నిగ్రహం," అంటూనే తుమ్మారు. ఆ తుమ్ము ఎంత గొప్పగా ఉందంటే, వరసలో ఉన్న పిల్లలు అదే ఆజ్ఞ అనుకుని ఒక్కసారిగా గాల్లోకి గుద్దారు. ఆయన ఆగమని చెయ్యి ఎత్తి మళ్లీ తుమ్మారు. పిల్లలు రెండో గుద్దు గుద్దారు.

"అరుపంటే అట్టా ఉండాలి," అన్నాడు అంకమ్మరావు నా చెవిలో. "విన్నారా సార్?"

నా వంతు వచ్చింది. అడుగులు సరిగ్గానే పడ్డాయి. చివర కుడికి తిరిగి, తూర్పు చూస్తూ, గుద్ది అరవాలి. నేను ఎడమకు తిరిగాను. చూసేవాళ్లంతా తూర్పు వైపున ఉన్నారు, నేనొక్కణ్ణే పడమరకు తిరిగి నిలబడ్డాను. గుద్దాను. అరుపు రాలేదు.

"శబ్దం ఏదండీ?" అన్నారు త్యాగరాజు గారు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

నా ఎదుట, పత్తి చేలకు అవతల, నల్లటి మబ్బు లేచింది. గాలి తిరిగింది. నా కళ్లద్దం మీద ఒక చినుకు పడింది. వెనక వెంకాయమ్మ గారి ఏడాది పంట ఎర్రగా పరుచుకుని ఉంది.

"కల్లం తడుస్తంది, రండర్రోయ్!"

అన్నది నేనే. మాట నాది కాదు గాని గొంతు నాదే. వీధి చివర చర్చి దాకా వినపడింది.

హయాత్ అప్పటికే పరుగు తీశాడు. పిల్లలు వరస వదిలేశారు. చర్చిలో పాట సగంలో ఆగింది. జనం కూర్చున్న చాపలు చుట్టి చంకన పెట్టుకుని వచ్చేశారు. వెనకే మరియదాసు పాస్టరు గారు, "ప్రార్థన ఇక్కడ చేసుకుందాం, ముందు చాపలు పరవండి," అంటూ వచ్చారు. కాయలు కుప్ప చేశాం. పరదా పట్టలు లాగాం. గాలికి అవి పైకి లేస్తుంటే కట్టడానికి తాళ్లు చాలలేదు. వెంకాయమ్మ గారు చుట్టూ చూసి మా నడుముల మీది నవార్లన్నీ విప్పించారు. తరవాత త్యాగరాజు గారి దగ్గరికి వెళ్లారు.

"నాయనా, ఆ తాడు ఇటివ్వు."

"ఇది తాడు కాదండి, బ్లాక్ బెల్టు. దీనికోసం తొమ్మిదేళ్లు కష్టపడ్డాను."

"తడిస్తే ఆరుద్దిలే. విప్పు."

ఆయన విప్పారు. ఒక చేత్తో చొక్కా అంచులు, ఇంకో చేత్తో పట్ట మూల పట్టుకుని, వాన వెలిసేదాకా మాతోపాటు తడిశారు. కాయలు పట్ట కిందికి పోయి ఘాటు తగ్గిందేమో, ఆయన తుమ్ములు కూడా ఆగాయి.

తరవాత అరుగు మీద టీ తాగుతూ నన్ను పిలిచారు.

"మాస్టారూ, ఇన్నేళ్లలో అంత పెద్ద కియాయ్ నేను వినలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఆ కేక మా ఆవిడదండి," అన్నాను.

"ఆమె కరాటే నేర్పుతారా?"

"లేదండి."

కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగినందుకు ఆయన నన్ను పరీక్ష తప్పించారు. బెల్టు మారలేదు. కాని పట్టకు కట్టిన నవారు విప్పి తెచ్చుకుంటే, కాయల రంగు అంటి ఎర్రగా ఉంది. అది బ్రౌన్ బెల్టుకు దగ్గరగా ఉందని అంకమ్మరావు కొంత బాధపడ్డాడు.

సోమవారం తొమ్మిదో తరగతిలో పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదానికి రామమూర్తి గారు వరండాలోకి వచ్చి, తలుపు దగ్గర కాసేపు నిలబడి, వెళ్లిపోయారు. లైబ్రరీ మాట మళ్లీ ఎత్తలేదు. నాలుగో పాదం మరీ గట్టిగా అన్నాననుకుంటాను. రోడ్డవతల కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు చేతులాపి, తలలెత్తి ఆకాశం వంక చూశారు.