జాడీ తేరేదాకా

గాజుజాడీలో మట్టి దిగుతుంది.

ముందు ఇసుక. బరువైనది కదా, ఆగదు. దాని వెనక ఒండ్రు. అన్నిటికన్నా ఆఖరున ఆ సన్నటి బంకమట్టి... పొగలా తిరిగి తిరిగి, దిగనా వద్దా అని తటపటాయించి, చివరికి అదీ దిగుతుంది.

కదపకపోతే చాలు.

అతనికి తెలిసిన విద్య అదొక్కటే. కదపకపోవడం.

ఊరి మురుగంతా, వానొస్తే రోడ్ల మీది నీళ్ళన్నీ, అతను పనిచేసే చోటికే వస్తాయి. గుండ్రటి పెద్ద పెద్ద తొట్లు. నీళ్ళు ఒక పక్క నుంచి పరుగున వస్తాయి — రొప్పుతూ, ఎక్కడెక్కడి చెత్తో మోసుకుంటూ. తొట్టిలోకి రాగానే వాటి తొందర తగ్గుతుంది. బళ్ళ నుంచి కారిన నూనె పైకి తేలుతుంది. దాన్ని ఒక గొట్టం పక్కకి లాగేస్తుంది. మట్టి కిందికి దిగుతుంది. మధ్యలో మిగిలిన తేటనీరు, అంచు మీద రంపపు పళ్ళలా కోసిన గాట్ల గుండా చప్పుడు లేకుండా జారి కాలువలో కలుస్తుంది.

మందూ లేదు, మంత్రమూ లేదు. నీళ్ళకి కాస్త తీరిక ఇస్తారు, అంతే.

తీరిక ఇస్తే ఏదైనా తేరుకుంటుందని అతని నమ్మకం.

నీళ్ళ విషయంలో అది నిజమే. సగం నిజం.

ఆ జాడీని పెళ్ళైన కొత్తలో పని నుంచి తెచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. తొట్టి నీళ్ళు ఎంతసేపట్లో తేరతాయో చూడ్డానికి వాడే జాడీ. మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడిందని పారేస్తుంటే, ఇంత మంచి గాజు పారేస్తారా ఎవరైనా అని, కడిగి ఇంటికి పట్టుకొచ్చాడు.

ఆ రోజు గొడవ చొక్కా గురించి. మురుగు చిమ్మిన చొక్కా తీసుకెళ్ళి, ఆమె ఉతికి మడతపెట్టిన బట్టల మీద పడేశాడు. ఆమె ఒకటి అన్నది. అతను రెండు అన్నాడు. మాట మీద మాట... తగ్గేదెవరు? అప్పుడు పుట్టింది అతనికా చిలిపి బుద్ధి. వాకిట్లో ఆమె పెంచుకుంటున్న పూలకుండీలోంచి గుప్పెడు మట్టి తీసి జాడీలో వేశాడు. నీళ్ళు పోశాడు. మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, తలకిందులు చేసి, కుదిపి, కిటికీలో పెట్టాడు.

"ఇది తేరేదాకా ఎవరూ మాట్లాడకూడదు."

ఎదురెదురుగా కూర్చున్నారు ఇద్దరూ, మూతులు ముడుచుకుని. మట్టి దిగుతూ ఉంది. సగం దిగేసరికి ఆమె పెదవి వణికింది. పూర్తిగా తేరేసరికి కిసుక్కున నవ్వేసింది.

"మట్టి కూడా దిగింది. మీరే ఇంకా దిగలేదు."

అతనూ దిగాడు.

అప్పట్నుంచి ఆ ఇంటికి అదే రివాజు. ఇరుగుపొరుగు ఇళ్ళలో కోపమొస్తే గిన్నెలు ఎగిరేవి. ఈ ఇంట్లో జాడీ కుదిపేవారు. "మీ కాపురం చేసేది మీరు కాదు, ఆ జాడీ" అని పక్కింటి వదిన ఆటపట్టించేది.

కానీ ఒక మాట ఉంది. ఆ రోజుల్లో జాడీ తేరాక మాట్లాడుకునేవారు. ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో, చొక్కా ఇకమీదట ఎక్కడ వెయ్యాలో — అంతా. జాడీ ఉన్నదే అందుకు. ఆ సంగతి అతను ఎప్పుడు మర్చిపోయాడో అతనికే తెలియదు.

వాళ్ళమ్మ ఆమె అన్నగారి ఇంట్లో ఉండేది.

నడవాలో, చెప్పుల స్టాండు పక్కన, ఒక మడతమంచం. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ మంచాన్ని తప్పించుకుని నడిచేవారు. ముసలామె ఎవరినీ ఏమీ అనేది కాదు. కూతురు చూడ్డానికి వెళ్తే మాత్రం, పట్టుకున్న చెయ్యి వదిలేది కాదు.

"అమ్మని తెచ్చుకుందామండీ."

మొదటిసారి మామూలుగానే అడిగింది. అతను చెప్పులు తొడుక్కుంటూ "చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్న మాటకి అర్థమేమిటో మనకి తెలియనిదా.

మళ్ళీ అడిగినప్పుడు ఆమె గొంతు పెరిగింది. అతను జాడీ కుదిపాడు.

ఆఖరుసారి ఆమె గొంతు పెంచలేదు. మెల్లగా, కాలి వేళ్ళ వంక చూసుకుంటూ అడిగింది. అయినా అతను జాడీ అందుకున్నాడు. గొడవే లేదు. గొడవ అవుతుందేమోనని, ముందే. ఆమె కూర్చుంది. నవ్వలేదు. మట్టి మొత్తం దిగేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది.

"తేరాయి. ఇప్పుడు చెప్పండి."

అతను జాడీ వంక చూశాడు. ఎంత తేటగా ఉన్నాయో నీళ్ళు... అవతల వేపచెట్టు ఆకులు కూడా లెక్కపెట్టచ్చు.

"ఇంత చక్కగా తేరాక మళ్ళీ కదపడం ఎందుకు?"

ఆమె లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది.

ఆ ఏటి వానలు తగ్గకముందే అన్నగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వీళ్ళు వెళ్ళేసరికి మడతమంచం మడిచి, గోడకి ఆనించి ఉంది.

వద్దనలేదు నేను.

ఆ ఒక్క మాట పట్టుకుని బతికాడు అతను ఇన్నాళ్ళూ. వద్దనలేదు. అత్తగారంటే అతనికి ఇష్టమే. ఇష్టం కాక? అల్లుడు వచ్చాడంటే గోడ పట్టుకునైనా లేచి నిలబడేది ఆవిడ. ఉన్న రెండు గదుల్లో ఎక్కడో ఒక మూల మంచానికి చోటు దొరికేది. ఒక్క సరే చాలు. ఆ సరే నోటిదాకా వచ్చింది కూడా. కానీ అన్నాక బావమరిది ఏమంటాడో, వాళ్ళావిడ ఏమంటుందో, ఆ మాటా ఈ మాటా పెరిగి ఎక్కడ తేలుతుందో... ఆ కదలిక అంటే అతనికి భయం.

వద్దనలేదు.

సరే అని కూడా అనలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడవల్లేవు. ఆమె అన్నీ మాట్లాడుతుంది. కుళాయి కారుతోందంటుంది. సబ్బు అయిపోయిందంటుంది. మబ్బు పట్టింది, గొడుగు మర్చిపోకండి అంటుంది. అమ్మ అన్న మాట మాత్రం ఆమె నోటి వెంట రాదు. కిటికీలో జాడీని రోజూ పైపైన తుడుస్తుంది, లోపల ముట్టుకోదు. నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి. అడుగున ఆ నాటి మట్టి ఎండి, పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది.

"అదృష్టవంతుడివి. మీ ఇంట్లో నోరు లేవదు" అన్నారు తోటివాళ్ళు. అవునేమో అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, అన్నం దగ్గర గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకపోతే ముద్ద గొంతు దిగేది కాదు.

ఒక్కసారి దెబ్బలాడితే బాగుండు. గిన్నె విసిరినా బాగుండు. అది అడిగేదెలా?

ఈ ఏడు వానలు ముందే వచ్చాయి.

తొట్టి అడుగున చేరిన బురదని రోజూ కొంత, కింది వాల్వు తిప్పి, ఆరబెట్టే మళ్ళలోకి వదలాలి. మళ్ళు వాననీళ్ళతో నిండిపోయాయి. చోటు లేదు. రేపు వదులుదాంలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. పైన చూస్తే అద్దం. నీళ్ళలో మబ్బులు కదిలిపోతూ కనిపిస్తున్నాయి. ఇంత తేటగా ఉంటే తొందరేమిటి?

అప్పుడు, పొద్దు బాగా ఎక్కాక — ఒక బుడగ.

తొట్టి నడిమధ్యన. చిన్నది.

ఇంకొకటి.

ఆ వెనకే అరచెయ్యంత నల్లటి పెళ్ళ ఒకటి పైకి తేలింది. దాని పక్కన మరొకటి. అడుగున నిలవున్న బురద కుళ్ళి, గాలి పుట్టి, ముద్దలు ముద్దలుగా లేచి వస్తోంది. చూస్తూండగానే అద్దం నిండా మచ్చలు. అంచు దాకా వచ్చి, రంపపు పళ్ళ గుండా కాలువలోకి... ఆ కంపుకి కాకి కూడా వాలలేదు.

ఎవరూ కదపలేదు. గాలైనా వీచలేదు. దానంతటదే లేచింది.

మోటార్లు చూసే మెకానిక్ ముక్కు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు. నోరు ఊరుకోని మనిషి. పెళ్ళిలోనైనా చావులోనైనా ఒక జోకు వెయ్యందే ఉండలేడు. తొట్టిలోకి తొంగిచూశాడు.

"కడుపులో దాచుకుంటే కుళ్ళదా అన్నా? దిగింది కదా అని వదిలేస్తే ఇదిగో, ఇలాగే పలకరిస్తుంది."

వాడికది జోకే. అతను వాల్వు చక్రం తిప్పుతున్నాడు. తిప్పుతూ ఏడుస్తున్నాడు. చెమట అనుకుని మెకానిక్ తన తువ్వాలు ఇచ్చాడు.

కొత్తగా చేరిన ప్రతివాడికీ అతనే చెప్పేవాడు — దిగడం సగం పనిరా అబ్బాయ్, దిగినదాన్ని తియ్యడం మిగతా సగం. అందరికీ చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళింది మాత్రం మొదటి సగమే.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. ఆమె కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతోంది. ఆ వాసనేమిటి, స్నానం చెయ్యండి అంది. అతను అక్కడే నిలబడ్డాడు.

"అమ్మని తెచ్చుకుందాం అని ఆ రోజే అనాల్సింది నేను."

దారి పొడుగునా ఎంతో అనుకుంటూ వచ్చాడు. చివరికి అదొక్కటే మిగిలింది.

ఆమె చేతిలో మడత ఆగిపోయింది.

"భయపడ్డాను. అత్తయ్య అంటే కాదు, నువ్వంటే కాదు. ఊరికే... మాట పెరుగుతుందని."

ఆమె బట్టలు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. తనకే అనుకుని అతను చెయ్యి చాచాడు. ఆమె అతన్ని దాటుకుని వెళ్ళి, ఆ నీళ్ళు జాడీలో పోసింది.

ఎండిన మట్టి నీళ్ళు తాగింది. పగుళ్ళలోంచి చిన్న చిన్న బుడగలు లేచాయి... ఒకటి, ఇంకొకటి. పెచ్చులు నాని విడిపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. అప్పుడు మూతికి అరచెయ్యి పెట్టి, తలకిందులు చేసి, కుదిపింది. గట్టిగా. భుజాలు అదిరిపోయేలా.

ఆ నాటి మట్టే.

కిటికీలో పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది.

"తేరేదాకా మాట్లాడకండి."

అతను పెట్టిన రూలే. నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఇసుక దిగింది. ఒండ్రు దిగింది. సన్నటి మట్టి తిరిగింది, తిరిగింది, దిగింది. తిడుతుందేమో. తిట్టనీ. మా అమ్మ చెప్పుల పక్కన పోయింది అంటుందేమో. అననీ.

ఆమె పెదవులు కదిలాయి. చెయ్యి చాచి జాడీ మళ్ళీ అందుకుంది.

మళ్ళీ కుదిపింది.

మాట్లాడడానికి ఆమె ఇంకా సిద్ధంగా లేదో... ఇన్నాళ్ళూ తను ఎదురుచూసినట్టే అతన్నీ ఎదురుచూడమంటోందో... అతనికి తెలియదు. అడగలేదు. లేచి పోనూ లేదు.

ఇన్నేళ్ళూ ఈ జాడీ ముందు కూర్చున్నప్పుడల్లా అతను మట్టినే చూశాడు. ఎప్పుడు దిగుతుందా, ఎప్పుడు లేద్దామా అని. అవతల ఒక మనిషి కూర్చుని ఉందని చూడలేదు. ఆమె కళ్ళ కింద ఆ నలుపు ఎప్పుడొచ్చిందో. చెవి పక్కన వెంట్రుకలు ఎప్పుడు తెల్లబడ్డాయో. పెదవి చివర, అచ్చం వాళ్ళమ్మకి ఉన్నట్టే, ఆ చిన్న వంపు.

బయట వాన మళ్ళీ మొదలైంది.

గాజుజాడీలో మట్టి దిగుతోంది...

అతను అటు చూడటం లేదు.