తగాదా చెట్లకు కాపలా

ఒమాన్ కొండల దిగువన ఉన్న ఆ ఊరిలో, ఖర్జూరం కాపు పట్టడానికి ఆడపూతకు మగపూత కట్టే రోజులు వచ్చాయంటే మర్హూన్ తెల్లవారగానే తోటకు బయలుదేరేవాడు. కాలువ గట్టున చాప పరచుకొని, మోకాళ్ల మీద కర్ర అడ్డంగా పెట్టుకొని కూర్చునేవాడు. అవతలి గట్టున అతని పెదనాన్న కొడుకు హుమైద్ కూడా కర్రతో సిద్ధంగా ఉండేవాడు. ఇద్దరి నడుమ, కాలువ పొడవునా ఒక వరుస ఖర్జూర చెట్లు. కొత్తవారెవరైనా చూస్తే, ఎంత శ్రద్ధగల రైతులని మెచ్చుకొనేవారు. నిజానికి ఆ చెట్లను ఇద్దరిలో ఎవరూ ముట్టుకొనేవారు కారు. తాతగారు పోయిన నాటి నుండి ఆ వరుస ఎవరిదన్న తగవు కోర్టులో ఉన్నది. చెట్టెక్కి మగపూత కట్టినవాడిదే చెట్టు అన్నది ఆ ఊరి కట్టుబాటు. అందుచేత ఒకడు ఎక్కబోతే మరొకడు కర్ర ఎత్తేవాడు. మట్టలు ఎండి వేలాడుతున్నా నరికే దిక్కు లేదు.

"ఏం మర్హూన్, ఈ ఏడు కూడా చాప అరగదీయడమేనా?" అని అవతలి నుండి హుమైద్ అరిచేవాడు.

"ముందు నువ్వు లే. నీ బరువుకి గట్టు కుంగుతోంది!"

ఇంతకు మించి ఆ అన్నదమ్ముల మధ్య మాటలు లేవు.

ఆ వరుసలో ఎర్రముక్కు పురుగు చేరిన సంగతి మొదట పసిగట్టినది మర్హూన్ భార్య రయ్యా. గడ్డి కోయబోయి, పులిసిన వాసనకు ఆగి, ఒక మానుకు చెవి ఆనించింది.

"లోపల కరకరా నములుతున్నాయి. మందు కొట్టేవాళ్లకి కబురంపు," అన్నది ఇంటికి వచ్చి.

"ఎవడి పేరు మీద కొట్టించాలి? నా పేరంటే వాడు ఒప్పుకోడు. వాడి పేరంటే నేను చచ్చినా ఒప్పుకోను."

"పురుగు మీ పేర్లు అడిగి తింటుందా?"

"కోర్టు సంగతులు నీకేం తెలుసు, ఊరుకో!"

రయ్యా ఊరుకోలేదు. ఆమె పంపిన కబురుకు వ్యవసాయ శాఖ బండి వచ్చింది. ఈ గట్టున మర్హూన్, ఆ గట్టున హుమైద్ అడ్డుపడి దానిని వెనక్కు పంపారు. తాత పోయిన తరువాత వారిద్దరూ ఏకమైనది ఆ ఒక్కసారే.

తరువాత మర్హూన్ సొంత తోటలో మానులకు చిల్లులు పడి గోధుమరంగు బంక కారసాగింది. మందువాళ్లను పిలిస్తే హుమైద్‌కు తెలుస్తుంది. తెలిస్తే వాడు పండగ చేసుకుంటాడు. ఆ ఊహే భరించలేక అతడు చిల్లులకు బంకమట్టి మెత్తి, పైన ఎండుమట్టలు కప్పాడు. బావి దగ్గరి చెట్టు తల్లి నాటినది. పుట్టింటి నుండి ఆమె ఒంటె మీద తెచ్చుకొన్న పిలక అది. దానికీ మట్టే మెత్తాడు. ఒకనాటి మధ్యాహ్నపు గాలికి దాని మొవ్వు విరిగి అతని కాళ్ల ముందు పడింది. లోపల బొటనవేలంత తెల్లని పురుగులు మెదులుతున్నాయి.

మర్హూన్ తిన్నగా హుమైద్ ఇంటికి వెళ్లాడు.

"మా అమ్మ చెట్టును మింగావు! నీ వైపున పురుగులను పెంచి నా మీదికి తోలావు!"

గడప తొక్కినవాడు ఎటువంటివాడైనా కాఫీ ఇవ్వకపోతే పరువు దక్కదు. హుమైద్ పళ్లు కొరుకుతూ గిన్నెలో పోసి అందించాడు, ఖర్జూరాల పళ్లెం ముందుకు తోశాడు. మర్హూన్ చూపు ఆ పళ్లెం మీద నిలిచిపోయింది.

"ఇవి కొట్టులో కొన్నవి. నీ తోట పళ్లు ఏవి?"

హుమైద్ ముఖం నల్లబడింది. "నవ్వడానికేగా వచ్చావు? రా, కడుపునిండా నవ్వి పో!" అంటూ పెరటి వైపు లాక్కుపోయి, కుప్పగా కప్పిన మట్టలను కాలితో తన్నాడు. వాటి కింద వరుసగా మోళ్లు. కొన్నింటి మీద బంకమట్టి ఇంకా ఉన్నది.

మర్హూన్‌కు నవ్వు రాలేదు. తిరిగి వచ్చి కూర్చొని, కాఫీ గిన్నెను ముట్టకుండా నేల మీద పెట్టాడు. కోరిక తీరనిదే తాగనని దాని అర్థం.

"ఏం కావాలో చెప్పి ఏడు," అన్నాడు హుమైద్.

"ఆ వరుస మొత్తం నరికించి తగలబెట్టాలి. నా మనుషులూ, నీ మనుషులూ. పురుగున్న ప్రతి చెట్టూ."

"కేసు మాత్రం ఆపను."

"ఆపమన్నదెవడు? కోర్టులో నిన్ను మట్టి కరిపిస్తాను."

"అయితే తాగి తగలడు."

మరునాడు మంటలు లేచాయి. తల్లి నాటిన చెట్టు ముక్కలను మర్హూన్ స్వయంగా ఈడ్చుకొచ్చి మంటలో వేశాడు. దాని పిలకలలోనూ పురుగే, ఒక్కటీ మిగలలేదు. అన్నదమ్ములిద్దరూ ఆ పాత కర్రలతోనే చెరొక వైపు నిలబడి నిప్పు ఎగదోస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

రయ్యా అక్కడికి వచ్చి ఇద్దరూ వినేటట్లు అన్నది: "ఇన్నేళ్లు ఆ కర్రలు పట్టుకొని మీరు కాపలా కాసింది పురుగుకి. కావాలంటే ఇంకా కొట్టుకు చావండి, నేను అడ్డురాను. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: మీ పంతం కోసం ఎవరూ చూడకుండా వదిలేసిన చోట ఏది పెరిగినా, అది మీ ఇద్దరినీ తింటుంది."